పొగ మానడం: నికోటిన్ గమ్ పనికిరాదని పక్కన పడేసేముందు

అపోహ: బీడీ, చుట్ట ఆకుతో చేసినవే కాబట్టి సిగరెట్ అంత చెరుపు చేయవు.

బీడీ చుట్టే తునికాకుకు సిగరెట్ కాగితంలా గాలి ఆడదు. ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా దమ్ము లాగాలి. అందుకే లోపల పొగాకు కొంచెమే ఉన్నా తారు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఒంట్లోకి దండిగా చేరతాయి. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో ఉన్న అడ్డపొగ మరీ దారుణం. చుట్ట నిప్పుకొస నోట్లో ఉంటుంది కాబట్టి వేడి, పొగ తిన్నగా అంగిలికే తగులుతాయి. మిగతాచోట్ల అరుదైన అంగిలి కేన్సర్ అక్కడ కనిపించేది అందుకే. అంగిలి తెల్లగా మందమెక్కి మధ్యలో ఎర్ర చుక్కలు కనిపించినా, పుండు రెండు వారాల్లో మానకపోయినా నోరు చూపించుకోవాలి.

అపోహ: రోజుకు ఒకటే కదా!

రోజుకు 20 కాల్చేవారికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, అందులో దాదాపు సగం ఆ ఒక్కదానితోనే వచ్చేస్తుంది.

అపోహ: నికోటిన్ గమ్ వాడి చూశాం, ఎక్కిళ్లు, గుండెమంట తప్ప ఏమీ లేదు.

చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేస్తారు. అప్పుడు నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోతుంది, బాధ తప్ప ఫలితం ఉండదు. అది ఎక్కాల్సింది బుగ్గ లోపలి పొర నుంచి. మెల్లగా నమలండి, కారంగా చురుక్కుమనగానే ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టండి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమిలి, ఈసారి రెండో బుగ్గలో పెట్టండి. ఒక్కో గమ్ అరగంట రావాలి. దానికి 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, టీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం వద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఎక్కదు.

మోతాదు దగ్గర ఇంకో పొరపాటు. లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవారికి 2 మి.గ్రా. గమ్ చాలదు, 4 మి.గ్రా. కావాలి. తాగాలనిపించినప్పుడు చూద్దాంలే అనుకోకుండా మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి వేసుకుని, తర్వాత తగ్గిస్తూ మూడు నెలలకు ఆపాలి. చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌తో పాటు గమ్ వాడితే ఒక్కటి వాడినదానికంటే మెరుగు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. పొగాకు మానేవారి కోసం ప్రభుత్వం నడిపే 1800-11-2356కు ఫోన్ చేసినా ఉచితంగా సలహా దొరుకుతుంది.

అపోహ: ఉన్నట్టుండి మానేస్తే ఒంటికి ప్రమాదం.

ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. మొదటి మూడు రోజులు చిరాకు, నిద్రలేమి ఎక్కువ; నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటాయి. సిగరెట్ వెలిగిస్తేనే విరేచనం అయ్యేవారికి కొన్నాళ్లు మలబద్ధకం రావచ్చు, నీళ్లు, పీచు పెంచాలి. ఎవరూ చెప్పని సంగతి కాఫీది. పొగలోని తారు వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా విరిచేస్తుంది; పొగ ఆగగానే అదే రెండు కప్పులు నాలుగు కప్పులంత పని చేసి గుండెదడ, నిద్రలేమి తెస్తాయి. కాఫీ సగానికి తగ్గించండి. ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక జబ్బులకు క్లోజపిన్, ఒలాంజపిన్ వాడుతున్నవారికీ ఇలాగే రక్తంలో మందు పెరుగుతుంది కాబట్టి, పొగ మానే తేదీ ముందే డాక్టర్‌కు చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి.