రౌటర్‌కు రిమోట్ యాక్సెస్: అపోహలు - వాస్తవాలు

ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లుకు నెట్‌వర్క్ పని చూస్తాను. ఉండేది కర్నూల్లో. కొత్త కెమెరాకు ఐపీ ఇవ్వాలన్నా, వై-ఫై పాస్‌వర్డ్ మార్చాలన్నా ప్రతిసారీ బస్సెక్కలేను. కాబట్టి రిమోట్ యాక్సెస్ కావాలి. కానీ రౌటర్ లాగిన్ పేజీని ప్రపంచమంతటికీ తెరిచి పెట్టకూడదు.

అపోహ: లాగిన్ పేజీ పోర్టు నంబరు (రౌటర్‌కు తలుపు నంబరు లాంటిది) మారిస్తే ఎవరికీ కనపడదు.

ఆ మిల్లులో అంతకుముందు ఎవరో మామూలుగా ఉండే పోర్టు 80 తీసేసి 8899 పెట్టారు. నేను మొదటిసారి రౌటర్ లాగ్ (జరిగినవాటి చిట్టా) తెరిచి చూస్తే రాత్రి రెండు గంటలప్పుడు వరసగా 'లాగిన్ ఫెయిల్యూర్' లైన్లు. అడ్మిన్, రూట్, సపోర్ట్ అంటూ పేర్లు మారుస్తూ ఎవరి ప్రోగ్రామో తలుపు తడుతూనే ఉంది. ఉన్నవే 65,535 పోర్టులు. అన్నీ వెతకడం కంప్యూటర్‌కు పెద్ద పనేం కాదు.

అపోహ: చిన్న మిల్లు, మన జోలికెవరొస్తారు?

"ఏమప్పా, మా పత్తి లెక్కలు వాళ్లకెందుకు?" అన్నారు ఓనరు. లెక్కలు కాదు, వాళ్లకు కావాల్సింది మన రౌటరే అన్నాను. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అరవై చిల్లర డిఫాల్ట్ (కంపెనీ నుంచే పెట్టి వచ్చే) పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాలను, రౌటర్లను పట్టుకుంది. ఆ అక్టోబరు 21న వాటితో డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరును ఐపీ అడ్రసుగా మార్చే సేవ) కంపెనీ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోలేదు.

అపోహ: పాస్‌వర్డ్ గట్టిగా ఉంటే చాలు.

పాస్‌వర్డ్ గట్టిగా ఉండాల్సిందే, కానీ అదొక్కటే చాలదు. 2018లో మైక్రోటిక్ కంపెనీ రౌటర్ల సెట్టింగ్స్ మార్చే విన్‌బాక్స్‌లో బయటపడ్డ లోపంతో లాగిన్ కాకుండానే యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లుండే ఫైలు చదివేయొచ్చు. అప్‌డేట్ వచ్చాక కూడా వేసుకోనివాళ్లు చాలామంది దెబ్బతిన్నారు.

అపోహ: రిమోట్ యాక్సెస్ ఆన్ చేసినా బయటనుంచి తెరుచుకోవట్లేదంటే రౌటర్ పాడైనట్టే.

ముందు వాన్ ఐపీ (రౌటర్‌కు ఇంటర్నెట్ వైపు ఉండే అడ్రసు) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నారు, ఆ ఐపీ బయటికి కనపడదు. ప్రొవైడర్‌ను స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రసు) అడగాలి, లేదంటే పబ్లిక్ ఐపీ ఉన్న సర్వర్‌కు రౌటరే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రహస్య దారి) కలుపుకునేలా పెట్టాలి.

ఇప్పుడు ఆ మిల్లులో వాన్ వైపు లాగిన్ పూర్తిగా మూసేశాను. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో లోపలికి వెళ్లాకే రౌటర్ పేజీ తెరుచుకుంటుంది. ఫైర్‌వాల్ (ఏది లోపలికి రావాలో, ఏది ఆగాలో చెప్పే రూల్స్) ముట్టుకునే ముందు మాత్రం మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్ తప్పకుండా ఆన్ చేస్తాను. తప్పు రూల్ పడి నా కనెక్షనే తెగిపోతే, కొన్ని నిమిషాల్లో పాత సెట్టింగ్స్ వాటంతటవే తిరిగొస్తాయి. అది లేకపోతే తెల్లారి ఆదోని బస్సే గతి.