బండి లాగుతుంది సరే, మోయగలదా?

టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. "మామయ్యా, కారు వెనక తగిలించుకుని తిరిగే ట్రావెల్ ట్రెయిలర్ ఒకటి చూశాను. మంచాలు, వంటగది, బాత్రూమ్ అన్నీ అందులోనే ఉన్నాయి. మా కారు 5,000 పౌండ్లు లాగుతుందని రాశారు, ఇదేమో 3,500 పౌండ్లే. తీసేసుకోనా?"

5,000 పౌండ్లంటే 2,268 కిలోలు. మన నెల్లూరు పుట్టి 850 కిలోల లెక్కన రెండున్నర పుట్ల వడ్లకు మించిన బరువు. వాడిది మధ్య సైజు ఎస్‌యూవీ, ఇంజన్‌కు ఆ సత్తా ఉంది. అయినా "ఆగరా, ముందు డ్రైవర్ తలుపు తెరిచి, అక్కడ అంటించిన స్టిక్కర్ చదివి చెప్పు" అన్నాను.

అలా అనడానికి కారణం కోవూరు దగ్గర నా చిన్నప్పుడు చూసిన ఎడ్లబండ్లు. బస్తాలు ఎత్తేటప్పుడు పెద్దవాళ్లు బరువు ఎంతనేది ఒక్కటే చూసేవాళ్లు కాదు, అది ఇరుసుకు ముందు ఎంత పడింది, వెనక ఎంత పడింది అని చూసేవాళ్లు. వెనక మొగ్గితే కాడి పైకి లేచి, మెడకు కట్టిన తాళ్లు ఎద్దుల గొంతు పట్టేస్తాయి. మరీ ముందుకు మొగ్గితే బరువంతా మెడల మీద పడి చర్మం కందిపోతుంది. ఒంగోలు ఎద్దు ఎంత బలమైనదైనా ఈ రెంటికీ తట్టుకోలేదు. అందుకని బస్తాలు అటూ ఇటూ జరిపి, కాడి మీద కాస్త బరువు మాత్రమే ఉండేలా సర్దేవాళ్లు.

ట్రెయిలర్‌కూ ఇదే సూత్రం. దాని మొత్తం బరువులో సుమారు 10 నుంచి 15 శాతం కారు హుక్కు మీద కూర్చోవాలని అమెరికాలో పాటించే లెక్క. ఆ బరువును కారు లాగడం కాదు, మోస్తుంది. డిక్కీలో వేసిన సామాను ఎలాగో అదీ అంతే. కారు మొత్తం ఎంత మోయగలదో తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది.

వాడి స్టిక్కర్ మీద సుమారు 600 కిలోలని ఉంది. ఐదుగురు మనుషులు 330 కిలోలు, డిక్కీలో సామాను 80, హుక్కు సరంజామా 30. ఇక మిగిలింది 160. ట్రెయిలర్ బరువులో 12 శాతం హుక్కు మీద పడుతుందనుకుంటే, ఈ 160కి సరిపోయే ట్రెయిలర్ 1,330 కిలోలది. 2,268 అని రాసిన కారుకి వాస్తవంలో దక్కింది అంతే!

వాడు చూసిన ట్రెయిలర్ బరువు 1,588 కిలోలు. అదీ ఖాళీది. ట్యాంకులో 150 లీటర్ల నీళ్లు పోస్తే 150 కిలోలు. గ్యాస్ సిలిండర్లు, పక్కబట్టలు, గిన్నెలు, బియ్యం కలిపితే 1,900 దాటుతుంది. అప్పుడు హుక్కు మీద పడేది 228 కిలోలు. లాగే లెక్కలో హాయిగా పాసయింది, మోసే లెక్కలో 68 కిలోలు తేడా వచ్చింది.

"అయితే సామాను వెనక్కి జరిపి హుక్కు మీద బరువు తగ్గిస్తా" అన్నాడు. ఎవరికైనా ముందు తట్టేది ఇదే, అన్నిటికన్నా ప్రమాదమైనదీ ఇదే. పక్కనుంచి లారీ దాటినప్పుడు, ఈదురుగాలి కొట్టినప్పుడు ట్రెయిలర్ తోక కొంచెం ఊగుతుంది. బరువు ఇరుసుకు ముందుంటే టైర్ల పట్టు దాన్ని మళ్లీ దారికి తెస్తుంది, ఊపు రెండు మూడు సార్లలో చచ్చిపోతుంది. బరువు వెనక ఉంటే, ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందటి దానికన్నా పెద్దదవుతుంది. చివరికి కారు వెనక భాగాన్నే పక్కకు విసిరేస్తుంది. అలాంటప్పుడు టెన్షన్‌లో బ్రేకు తొక్కినా, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినా పరిస్థితి ఇంకా పాడవుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. ట్రెయిలర్‌కు సొంత బ్రేకులుంటే వాటిని మాత్రమే మెల్లగా వేయాలి.

బరువు కొంచెం జరిగినా ఎంత తేడా వస్తుందో చూడండి. హుక్కు నుంచి ఇరుసుకు 4 మీటర్లనుకుందాం. ఇరుసు మీదున్న 100 లీటర్ల నీళ్ల ట్యాంకును మీటరున్నర వెనక్కి పెడితే, హుక్కు మీద 37 కిలోలకు పైగా తగ్గిపోతుంది.

హుక్కు మీద ఎక్కువైనా ముప్పే. హుక్కు వెనక చక్రాలకు అవతల ఉంటుంది కాబట్టి అక్కడి బరువు తూకం కర్రలా కారు ముక్కును పైకెత్తుతుంది. వెనక చక్రాలకు హుక్కు 1.2 మీటర్ల దూరంలో ఉండి, ముందు వెనక చక్రాల మధ్య 2.8 మీటర్లుంటే, 200 కిలోలు పెట్టగానే ముందు చక్రాల మీద 86 కిలోలు తగ్గిపోతాయి. స్టీరింగ్ తేలికైపోతుంది. ట్రాక్టర్ వెనక ట్రక్కులో అతిగా ఎత్తినప్పుడు ముందు చక్రాలు లేవడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మరి ఆ 2,268 అబద్ధమా? కాదు. అమెరికాలో ఆ అంకె ఇవ్వడానికి పాటించే ప్రమాణం గట్టిదే. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 18 కిలోమీటర్లకు పైగా ఉన్న ఎక్కుడు రోడ్డు మీద, కనీసం 38 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, మామూలు బండ్లు గంటకు 64 కిలోమీటర్లకు తగ్గకుండా ఎక్కాలి. మే నెలలో నెల్లూరు ఎండ తెలిసినవాళ్లకు ఆ పరీక్ష విలువ అర్థమవుతుంది. కానీ ఆ లెక్కలో కారులో ఉండేది ఇద్దరే, ఒక్కొక్కరు 68 కిలోలు. మా వాడి ఇంట్లో ఐదుగురు.

ఎక్కడం ఒక ఎత్తు, ఆపడం ఇంకో ఎత్తు. మనుషులతో 2,400 కిలోలున్న కారు వెనక 1,900 కిలోలు తగిలించి 60 మీద వెళ్తున్నప్పుడు బ్రేకులు అరగదీయాల్సిన శక్తి, కారు ఒక్కటే 80 మీద వెళ్తున్నప్పటి శక్తితో దాదాపు సమానం. బరువైన ట్రెయిలర్లకు సొంత బ్రేకులు పెట్టేది ఇందుకే. రాపూరు–చిట్వేలు ఘాట్ దిగే లారీ డ్రైవర్లు తక్కువ గేరులో వేస్తారే, ఇక్కడా అదే పద్ధతి.

మన దగ్గర కొన్ని కార్ల మాన్యువల్‌లో ఎంత లాగొచ్చో అసలు రాసి ఉండదు. అంకె లేని బండికి హుక్కు వెల్డింగ్ చేయించి ట్రెయిలర్ తగిలించడం నాకైతే అస్సలు నచ్చదు.

మా వాడు చివరికి చిన్న ట్రెయిలర్ తీసుకున్నాడు. సామానంతా సర్ది కాటా వేయించమన్నాను. పద్ధతి సులువు. మనుషులతో సహా కారును ఒంటరిగా ఒకసారి తూచాలి, తర్వాత ట్రెయిలర్ తగిలించి, దాని చక్రాలు కాటా బయట ఉండేలా ఇంకోసారి తూచాలి. ఆ తేడాయే హుక్కు మీది బరువు.

మొన్న ఫోన్ చేసి చెప్పాడు, ట్రెయిలర్ 1,290, హుక్కు మీద 155. నీళ్ల ట్యాంకు ఖాళీగా ఉండగా తూచావా, నిండుగానా అని అడిగాను. నిండుగానే మామయ్యా అన్నాడు.