వేగసూచి చెప్పేది ఏ వేగం? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో విమాన పరికరాల పాఠాలు చెప్పే నన్ను, రేణిగుంట విమానాశ్రయంలో దిగే ఏటీఆర్ రకం చిన్న ప్రయాణికుల విమానాలను చూస్తూ పెరిగిన విద్యార్థులు అడిగే సందేహాల్లో అధికభాగం ఇండికేటెడ్ ఎయిర్‌స్పీడ్, అంటే వేగసూచి చూపే ‘సూచిత వేగం’ గురించే ఉంటాయి.

అపోహ: వేగసూచిలో కనిపించేదే విమానం అసలు వేగం.

వాస్తవం: ఆ పరికరం కొలిచేది పీడనాన్ని. ఎదురుగాలిని పట్టే పిటో గొట్టంలోని పీడనానికీ, విమానం పక్కనున్న స్టాటిక్ రంధ్రాల్లోని పీడనానికీ ఉన్న తేడాను, ఘనపు మీటరుకు 1.225 కిలోల సాంద్రత గల సముద్రమట్టపు గాలి లెక్కన వేగంగా మార్చి చూపుతుంది. అందువల్ల గాలి పలచబడిన 20,000 అడుగుల ఎత్తున అది 200 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) చూపుతున్నప్పుడు, గాలిలో విమానం నిజవేగం సుమారు 270 నాట్లు ఉంటుంది.

అపోహ: అలాగైతే ఆ అంకె పైలట్‌కు పనికిరాదు.

వాస్తవం: పైలట్‌కు అన్నిటికంటే ముఖ్యమైన అంకె అదే. రెక్కను పైకెత్తే బలం కూడా ఆ పీడనపు తేడా మీదే ఆధారపడుతుంది కాబట్టి, బరువు మారనంతవరకు విమానం ఏ ఎత్తులోనైనా దాదాపు ఒకే సూచిత వేగం వద్ద స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు దాన్ని మోసే బలాన్ని కోల్పోతాయి. సముద్రమట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తున ఉన్న రేణిగుంటలో, ఎండ 42 డిగ్రీలకు చేరిన మే మధ్యాహ్నం, గాలిలోకి లేవడానికి పైలట్ విమానం ముక్కు పైకెత్తే సూచిత వేగం మారదు. అయితే గాలిలో నిజవేగం 15 డిగ్రీల ప్రామాణిక వాతావరణంలో కంటే సుమారు 5 శాతం ఎక్కువై, రన్‌వే మరింత ఖర్చవుతుంది.

అపోహ: ఏటీఆర్‌ల తుది కూర్పు ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జరుగుతుంది కనుక అందులో వేగాల లెక్క వేరు.

వాస్తవం: లెక్క ఒకటే, కాక్‌పిట్‌లోని అక్షరాలు కూడా ఆంగ్లమే. ఫ్రెంచి పాఠ్యగ్రంథాల్లో మాత్రం సూచిత వేగం ‘వితెస్ ఎఁదికే’, గాలిలో నిజవేగం ‘వితెస్ ప్రోప్ర్’, నేలతో పోల్చిన వేగం ‘వితెస్ సోల్’. ఈ చివరిదాన్ని వారు ‘వీఎస్’ అని కుదించి రాయడం కద్దు. ఆంగ్ల పుస్తకాల్లో అవే అక్షరాలు స్టాల్ వేగాన్ని సూచిస్తాయి గనుక, రెండూ చదివేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. వేగసూచిని రూపొందించిన ఫ్రెంచి ఇంజనీరు రౌల్ బదేఁ పేరు మీదుగా వేగసూచినే అక్కడి పైలట్లు ‘బదేఁ’ అంటారు. గ్లైడర్లలో అది గంటకు కిలోమీటర్లలో ఉంటుంది.

అపోహ: పిటో గొట్టం మూసుకుపోతే ముల్లు సున్నాకు పడిపోతుంది.

వాస్తవం: ముందు రంధ్రంతో పాటు నీరు పోయే రంధ్రం కూడా మూసుకుపోతే లోపలి పీడనం అలాగే చిక్కుకుపోతుంది. విమానం పైకెక్కేకొద్దీ స్టాటిక్ పీడనం తగ్గుతుంది గనుక ముల్లు పెరుగుతూ పోయి, వేగం ఎక్కువైందన్న భ్రమ కలిగిస్తుంది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యుర్తో ప్లాతా నుంచి బయల్దేరిన బోయింగ్ 757లో కెప్టెన్ వేగసూచి ఇలాగే తప్పుదారి పట్టించగా, విమానం స్టాల్ అయి సముద్రంలో కూలి, అందులోని 189 మందీ మరణించారు. విమానం నేల మీద ఆగి ఉన్నంతసేపూ ఏదీ దూరి మూసుకుపోకుండా పిటో గొట్టానికి తొడుగు వేసి ఉంచాలనీ, ఎగిరే ముందు దాన్ని తీశారని చేత్తో తాకి నిర్ధారించుకోవాలనీ నేను పట్టుబట్టేది ఇందుకే.