పాత కారుకు ఏ ఆయిల్ పోయాలి: ఈ చిక్కుముడి ఎక్కడ మొదలైంది

1960ల నాటి కారు మాన్యువల్ తీసి చూస్తే ఇంజిన్ ఆయిల్ దగ్గర సాధారణంగా రెండు వివరాలుంటాయి. ఒకటి, ఎస్ఏఈ 30 లేదా 20డబ్ల్యూ-50 లాంటి గ్రేడ్. రెండోది, ఆయిల్ నాణ్యత ఏ వర్గమో చెప్పే 'సర్వీస్ ఎంఎస్' అనే ముద్ర. గ్రేడ్ ఇప్పటికీ దొరుకుతుంది. ఎంఎస్ మాత్రం దొరకదు, ఎందుకంటే ఆ వర్గీకరణే పోయి అర్ధ శతాబ్దం దాటింది. ఇవాళ్టి డబ్బాల మీద ఎస్ఎన్, ఎస్‌పీ అని ఉంటాయి. అక్షరం కొత్తదైతే పాత వాటి పని కూడా అదే చేస్తుందన్నది పరిశ్రమ చెప్పే మాట. చాలా ఇంజిన్ల విషయంలో అది నిజమే. కానీ పాత కార్లలో ఒక రకానికి ఆ మాటను కళ్లు మూసుకుని నమ్మకూడదు.

మొదట్లో ఆయిల్ అంటే ముడి చమురు నుంచి శుద్ధి చేసి తీసినదే. అందులో వేరే ఏమీ కలిపేవారు కాదు. రేసు కార్లకు, మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాలకు ఆముదం వాడేవారు. అంత వేడిలోనూ అది లోహాన్ని అంటిపెట్టుకుని ఉండేది, కాకపోతే త్వరగా జిగురు కట్టేది. 1911లో అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం (ఎస్ఏఈ) ఆయిల్స్‌ను చిక్కదనాన్ని బట్టి తొలిసారి వర్గీకరించింది. ఆ అంకెల పద్ధతి అలా పెరుగుతూ వచ్చి, చలికి ఒక అంకె, వేడికి ఒక అంకె ఉన్న మల్టీగ్రేడ్లుగా 1950లలో కార్ల దాకా చేరింది. అంకె ఎంత చిక్కనో చెబుతుంది తప్ప ఆయిల్‌లో ఏముందో చెప్పదు. పాత కార్ల వాళ్లలో చాలామంది ఇప్పటికీ ఈ అంకె దగ్గరే ఆగిపోతారు, అసలు తేడా వచ్చేది దాని తర్వాతే.

1930లలో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్లలో మసి గడ్డకట్టి పిస్టన్ రింగులు ఇరుక్కుపోయేవి. ఆ మసిని వదిలించి, కింద పేరుకోకుండా ఆయిల్‌లోనే తేలుతూ ఉండేలా చేయడానికి డిటర్జెంట్లు కలపడం మొదలైంది. యుద్ధకాలంలో సైన్యాల వాహనాలకు వాడి, తర్వాత మామూలు కార్లకూ తెచ్చారు. మొదటి చిక్కు ఇక్కడే ఉంది. డిటర్జెంట్ లేని ఆయిల్‌తో దశాబ్దాలు నడిచిన ఇంజిన్‌లో, అందులోనూ ఫిల్టర్ లేని దాంట్లో, సంప్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున మడ్డి మందంగా పేరుకుని ఉంటుంది. అందులో ఒక్కసారిగా కొత్త ఆయిల్ పోస్తే ఆ మడ్డి కదిలి ఆయిల్ దారులకు అడ్డుపడవచ్చు. సంప్ విప్పి శుభ్రం చేశాకే మార్చాలి. అలాగని ఓవర్‌హాల్ చేసిన ఇంజిన్‌లో కూడా "పాతకాలం కారు, పాతకాలం ఆయిల్" అని పట్టుబట్టడం సరికాదు. ఏమీ కలపని ఎస్ఏ రకం ఆయిల్ 1930 తర్వాత తయారైన చాలా ఇంజిన్లకు పనికిరాదని, ఎస్‌బీ రకం 1951 తర్వాతి వాటికి పనికిరాదని ఆ అక్షరాలిచ్చిన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూటే చెబుతోంది.

ఇక అసలు గొడవంతా జింక్ గురించి. జింక్, ఫాస్ఫరస్, గంధకం కలిసిన జెడ్‌డీడీపీ అనే రసాయనం 1940లలో ఆయిల్‌లోకి వచ్చింది. అప్పట్లో దాన్ని తెచ్చింది అరుగుదలను ఆపడానికి కాదు, బేరింగుల్లోని రాగి, సీసం తుప్పు పట్టకుండా, ఆయిల్ త్వరగా చెడిపోకుండా చూడటానికి. 1950లలో బలమైన వాల్వ్ స్ప్రింగులతో పెద్ద వీ8 ఇంజిన్లు వచ్చాయి, వాటిలో వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టులు అరిగిపోవడం మొదలైంది. ఆ అరుగుదలను బాగా ఆపేది ఈ జెడ్‌డీడీపీయేనని అప్పుడు తేలింది.

ఆ కామ్ దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. కామ్ కదలికను వాల్వ్ వైపు పంపే ఫ్లాట్ ట్యాపెట్ అడుగు చదునుగా కనిపిస్తుంది గానీ, నిజానికి మధ్యలో రవ్వంత ఉబ్బుగా ఉంటుంది. కామ్ లోబ్‌ను (ట్యాపెట్‌ను నెట్టే ఉబ్బు భాగాన్ని) కూడా కొద్దిగా ఏటవాలుగా గ్రైండ్ చేస్తారు. అందువల్ల లోబ్ కిందికి వచ్చిన ప్రతిసారీ ట్యాపెట్ తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది, అరుగుదల ఒకేచోట పడదు. ట్యాపెట్ కదలికను పొడవాటి రాడ్లతో వాల్వులకు పంపే పుష్‌రాడ్ ఇంజిన్‌కు వాల్వ్ కవర్ తీసి స్లోలో నడిపితే రాడ్లు మెల్లగా తిరుగుతుండడం కంటికి కనిపిస్తుంది. వాటిలో ఒకటి తిరగకుండా నిలిచిపోయిందంటే దాని కింద కామ్‌ను అనుమానించాల్సిందే. లోబ్, ట్యాపెట్ తగిలే చోటు దాదాపు ఒక గీతంతే. స్ప్రింగ్ బలమంతా ఆ గీత మీదే పడుతుంది, అక్కడ ఆయిల్ పొర చాలదు. ఆ రాపిడికి, వేడికి జెడ్‌డీడీపీ విడిపోయి, వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతుండే గట్టి పొరగా లోహానికి పట్టుకుంటుంది. ఇనుముకు బదులు ఆ పొర అరుగుతుంది, మళ్లీ ఏర్పడుతుంది. ఆ పొర లేని రోజున లోబ్ కొన గుండ్రమైపోతుంది, ట్యాపెట్ అడుగు గుంట పడుతుంది, వచ్చిన ఇనుప పొడి బేరింగుల దాకా వెళ్తుంది.

1975 మోడల్ కార్ల నుంచి అమెరికాలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు మామూలయ్యాయి. ఇంజిన్‌లో కాలిపోయే కొద్దిపాటి ఆయిల్‌తో పాటు వెళ్లే ఫాస్ఫరస్ ఆ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకని 1990ల నుంచి ఆయిల్‌లో ఫాస్ఫరస్‌కు పరిమితులు వచ్చాయి. మొదట 0.12 శాతం, ఎస్‌జే కాలానికి 0.10, 2004లో వచ్చిన ఎస్ఎమ్ నాటికి 0.08. ఫాస్ఫరస్ తగ్గించడమంటే జెడ్‌డీడీపీని తగ్గించడమే. ఈలోగా కొత్త ఇంజిన్లు కామ్ మీద దొర్లే రోలర్ ట్యాపెట్లకు, తేలికైన వాల్వ్ అమరికలకు మారాయి కాబట్టి వాటికి ఇబ్బంది రాలేదు. గాలి కోసం తీసుకున్న ఈ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కన్వర్టర్ లేని, ఫ్లాట్ ట్యాపెట్లున్న పాత కారును మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

కొత్త ఆయిల్స్ కూడా కామ్ అరుగుదల పరీక్ష పాసయ్యాయని పరిశ్రమ అంటుంది, అది అబద్ధం కాదు. కానీ ఏళ్ల తరబడి ఆ పరీక్ష జరిగింది 2.4 లీటర్ల నిస్సాన్ ఇంజిన్ మీద. బలమైన స్ప్రింగులున్న పాత వీ8కి అది సరిపోలదు. మామూలు స్ప్రింగులతో, కామ్ ఎప్పుడో కుదురుకున్న కారు కొత్త ఆయిల్‌తోనూ బాగానే నడవొచ్చు. గట్టి స్ప్రింగులు వేసినా, కొత్త కామ్ ఎక్కించినా జాగ్రత్త తప్పదు.

చాలామందికి తెలియని సంగతి, ఆ 0.08 పరిమితి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచని గ్రేడ్లకే. 15డబ్ల్యూ-40కి, 20డబ్ల్యూ-50కి అది వర్తించదు. పాత ఇంజిన్లలో బేరింగ్ సందులు కాస్త ఎక్కువ కాబట్టి ఆయిల్ ప్రెజర్ నిలవడానికీ ఈ చిక్కని గ్రేడ్లే అనువు. అయినా గ్రేడ్ చూసి ఊరుకోవద్దు, కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో ఫాస్ఫరస్ ఎంతో చూడాలి. 0.10 నుంచి 0.12 శాతం మధ్య ఉంటే ఫ్లాట్ ట్యాపెట్‌కు సరిపోతుంది. 1959లో వచ్చిన మినీ లాంటి కార్లలో గేర్‌బాక్స్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. గేర్ల పళ్ల మధ్య నలిగి ఆయిల్ త్వరగా పలచబడుతుంది కాబట్టి వాటికి ఆయిల్ మార్చే గడువు దాటనివ్వకూడదు.

డీజిల్ ఆయిల్ పోస్తే జింక్ సరిపోతుందన్న సలహా ఒకప్పుడు మంచిదే. 2006లో వచ్చిన సీజే-4 అనే డీజిల్ ఆయిల్ వర్గం నుంచి వాటికీ 0.12 శాతం పరిమితి పెట్టారు, కాబట్టి ఇప్పుడు వాటి డేటా షీట్ కూడా చూసుకోవాల్సిందే. విడిగా అమ్మే జింక్ బాటిళ్లను కొలత లేకుండా కలపడం ఇంకో ప్రమాదం. ఫాస్ఫరస్ మరీ ఎక్కువైతే అదే ఇనుమును తినడం మొదలుపెడుతుంది. కొత్త కామ్ వేసినప్పుడు మాత్రం అది కుదురుకునే దాకా వాడే బ్రేక్-ఇన్ ఆయిల్ అవసరం. లోబ్‌లకు అసెంబ్లీ పేస్ట్ రాసి, స్టార్ట్ కాగానే స్లోలో వదిలేయకుండా సుమారు 2000 ఆర్‌పీఎమ్ దగ్గర 20 నిమిషాలు నడిపి, ఆ ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేయాలి.