ఫైర్ వాళ్ళ వైర్‌లెస్ సెట్టు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఫైర్ సర్వీసులో పనిచేస్తున్నా. ఫైర్ కాల్‌కి పోయిన చోటల్లా చుట్టూ చేరిన జనం మా చేతిలోని సెట్టు గురించి ఏదో ఒకటి అడుగుతానే ఉంటారు, ఎక్కువగా వినపడే మాటలు ఇవే.

అపోహ: అందరికీ సెల్‌ఫోన్ ఉంది గదన్నా, ఇంకా ఆ పాత సెట్టు ఎందుకు?

వాస్తవం: ఫోన్‌లో మాట ఒకరికే చేరతాది, సెట్టులో ఆ చానల్లో ఉన్నోళ్ళందరికీ చేరతాది. గాంధీ రోడ్డులో ఒక షాపు అంటుకుందనుకోండి, ముందు పోయిన ఆఫీసర్ "పై అంతస్తులో మనుషులున్నారు, ముందర రోడ్డు జామ్, వెనక సందులోంచి రండి" అని ఒక్కసారి చెప్తే చాలు, వెనకొచ్చే బండి డ్రైవర్‌కీ కంట్రోల్ రూమ్‌కీ ఒకేసారి తెలిసిపోతాది. ఫోన్ అయితే ఒక్కొక్కరికీ చెయ్యాల, రింగ్ అవ్వాల, వాళ్ళు ఎత్తాల. గరుడసేవ రోజు కొండమీద ఫోన్ కలవడం ఎంత కష్టమో మన ఊరోళ్ళకి చెప్పక్కర్లేదు. సెట్టు నుంచి సెట్టుకి సెల్ టవర్ లేకుండానే మాట్లాడొచ్చు.

అపోహ: సెట్టు ఉంటే యాడైనా సిగ్నల్ అందుతాది.

వాస్తవం: అందదు. మా సెట్టు మాటని మోసే వీహెచ్ఎఫ్ (వెరీ హై ఫ్రీక్వెన్సీ) రేడియో తరంగం దాదాపు సూటిగా పోతాది, చేతి సెట్టు పవర్ మామూలుగా 5 వాట్లు, బండిలో బిగించింది 25 వాట్లు ఉంటాది. మధ్యలో కొండ అడ్డమొస్తే మాట తెగిపోతాది, ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇదే ఇబ్బంది. అందుకే ఎత్తైన చోట రిపీటర్ పెడతారు, అది ఒక ఫ్రీక్వెన్సీలో మాట అందుకుని ఇంకో ఫ్రీక్వెన్సీలో మళ్ళీ పంపిస్తాది. లాడ్జీల సెల్లార్లు ఇంకా ఘోరం, కాంక్రీటు, ఇనుము సిగ్నల్‌ని అడ్డుకుంటాయి. అట్లాంటి చోట ర్యాంపు మీద ఒక మనిషిని నిలబెట్టి లోపలి మాట బయటికి, బయటి మాట లోపలికి అందించాల్సిందే. లోపలున్నోళ్ళని పిలిచినప్పుడు జవాబు రాకపోతే బయటున్నోళ్ళకి ప్రాణాలు పోయినంత పనవుతాది.

అపోహ: గట్టిగా అరిస్తే బాగా వినపడతాది.

వాస్తవం: అరిస్తే మాట పగిలిపోయి అవతలోళ్ళకి గరగర తప్ప ఏమీ అర్థం కాదు. ముందు చానల్ ఖాళీగా ఉందో లేదో వినాల, బటన్ నొక్కి ఒక క్షణం ఆగాల, అప్పుడు మామూలు గొంతుతో మాట్లాడాల. బటన్ నొక్కిన వెంటనే మొదలుపెడితే మొదటి మాట ఎగిరిపోతాది, ఇద్దరు ఒకేసారి నొక్కితే సరిగ్గా ఏదీ వినపడదు. పంపు మోతలో "నీళ్ళు వదులు", "నీళ్ళు వద్దు" రెండూ ఒకటే మాదిరి వినపడతాయి, ముఖానికి మాస్కు ఉంటే ఇంకా కష్టం. అందుకే విన్నోడు ఆ మాటని తిరిగి చెప్పాల, చెప్పినోడు అవునన్నాకే పని మొదలుపెట్టాల. మీరు పక్కనే నిలబడి కేకలేస్తుంటే ఇదంతా పాడైపోతాది, దయచేసి సెట్టు పట్టుకున్న మనిషి దగ్గర గుమిగూడొద్దు.

అపోహ: గ్యాస్ లీకైన చోట సెట్టు వాడితే ఏమీ కాదు.

వాస్తవం: మామూలు సెట్టులో నిప్పురవ్వ రావొచ్చు. గ్యాస్ ఉన్న చోటికి అందుకోసమే తయారుచేసిన సెట్టులే తీసుకుపోవాల.

అపోహ: ఫైర్ వాళ్ళకి ఫోన్ చేస్తే ప్రశ్నలడుగుతా టైం వేస్ట్ చేస్తారు.

వాస్తవం: బండి దారిలో ఉండగానే మీరు చెప్పే ప్రతి ముక్కా సెట్టులో డ్రైవర్‌కి చేర్చొచ్చు. 101కి గానీ 112కి గానీ చేసి ఏరియా, దగ్గర్లో అందరికీ తెలిసిన గుర్తు, ఏం తగలబడుతోంది, లోపల ఎవరైనా ఉన్నారా చెప్పండి. మీరు కాల్ చేసిన ఫోన్ ఆన్‌లోనే పెట్టండి, సందులో వైర్లు కిందకి వేలాడుతుంటే అదీ చెప్పండి, ఒకరు మెయిన్ రోడ్డుకొచ్చి నిలబడి బండికి దారి చూపించండి.