సాలీడు కాటు: అపోహలు – వాస్తవాలు

కడపలో మా క్యాజువాలిటీకి "సాలీడు కరిచింది సార్" అంటూ వచ్చేవాళ్లకు కొదవ లేదు. కరిచినప్పుడు దాన్ని కళ్లారా చూసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. సాలీడుతో ప్రాణాపాయం అరుదు. దాని పేరు చెప్పి అసలు జబ్బును వదిలేయడమే నాకు భయం.

అపోహ: నడుం మీద నీటిపొక్కులు లేస్తే సాలీడు పాకినట్టే.

వాస్తవం: చాలాసార్లు అది సర్పి. ఎప్పుడో ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో దాక్కున్న వైరస్ ఏళ్ల తర్వాత ఒక నరం వెంబడి లేస్తుంది. అందుకే పొక్కులు ఒక పక్కనే పట్టీలా వస్తాయి. 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెడితే మంచిది. ఎర్రమన్ను పూసుకుంటూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. పెద్దవయసు వాళ్లను నరాల నొప్పి నెలల తరబడి పీడిస్తుంది.

అపోహ: గుత్తి నీలం సాలీడు కరిస్తే చావే.

వాస్తవం: 1899లో గుత్తిలో దొరికినదాన్ని బట్టి పోకాక్ అనే శాస్త్రవేత్త దీన్ని లోకానికి చెప్పారు. 2001లో నంద్యాల – గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. కరిస్తే విపరీతమైన నొప్పి, కండరాలు పట్టేయడం ఉంటాయి. చనిపోయినట్టు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. చెట్టు తొర్రల్లో బతికే ఈ జీవి అంతరించిపోయే దశలో ఉంది, దయచేసి చంపకండి.

అపోహ: సాలీడు కాటుకూ పాము ఇంజక్షన్ వేయాలి.

వాస్తవం: ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకే. సాలీడుకు పనిచేయదు, పైగా అలర్జీ రావచ్చు. సబ్బుతో కడిగి, ఐస్ పెట్టి, పారాసిటమాల్ వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఒళ్లంతా చెమటలు, కడుపు బిగుసుకుపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి రండి.

అపోహ: రాత్రి నిద్రలో ఏదో చురుక్కుమంది, సాలీడే అయ్యుంటుంది, తెల్లారాక చూద్దాం.

వాస్తవం: ప్రాణాలు తీసేది ఈ మాటే. నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము కరిస్తే నొప్పి ఉండకపోవచ్చు, వాపు రాదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు మొదలవుతాయి. తర్వాత రెప్పలు వాలిపోతాయి. పైకి చూడమంటే మనిషి నుదురు ముడతలు పడేలా కనుబొమలు ఎత్తుతాడు, రెప్పలు మాత్రం లేవవు. ఆపై మింగుడు పడదు, ఊపిరి ఆడదు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు. పిల్లలకు ఒళ్లు చల్లబడి చెమటలు పడితే ఎర్రతేలు కుట్టిందేమో అనుమానించాలి, అదీ అత్యవసరమే.

కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఏదీ కనబడకపోయినా సరే, "పాము అయ్యుండొచ్చు" అని వాళ్లకు చెప్పండి.