ఆక్సిజనా, రసాయనమా? పటాన్‌చెరు చేపల తగువులో 2009 నాటి పరీక్ష

పటాన్‌చెరు, అమీన్‌పూర్ చుట్టుపక్కల చెరువుల్లో చేపలు తెల్లగా తేలిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. మురుగు ఎక్కువై నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిందన్నది అధికారుల వైపు నుంచి సాధారణంగా వచ్చే వివరణ. వాన చాటున ఫ్యాక్టరీల నీళ్లు వదిలారన్నది మత్స్యకారుల మాట. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువు చేపలు పెద్ద ఎత్తున చనిపోయినప్పుడు కూడా తగువు ఇక్కడే ఆగింది.

పారిశ్రామికవాడ పుట్టుక, నక్కవాగు రంగు మారడం, 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు తెలిసినవే. ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే ఆంటీబయాటిక్ ఉందని స్వీడన్‌కు చెందిన యోఆకిమ్ లార్సన్ బృందం 2007లో చెప్పడమూ పాత కబురే. ఆంటీబయాటిక్స్ హోరులో, రెండేళ్ల తర్వాత అదే బృందం చేపల మీద చేసిన పరీక్ష ఎవరి చెవినా పడలేదు. ఇప్పటి తగువుకు 2007 నాటి అంకె కంటే 2009 నాటి పరీక్షే ఎక్కువ పనికొస్తుంది.

దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఆ కేంద్రం నుంచి వచ్చిన శుద్ధి నీటిని ఆ బృందం 500 వంతులకు పలుచన చేసింది. అంటే 0.2 శాతం. ఇరవై లీటర్ల తొట్టిలో 40 మిల్లీలీటర్లు. అందులో రెయిన్‌బో ట్రౌట్ చేపలను 5 రోజులు ఉంచి, తర్వాత కాలేయం తీసి, ఏ జన్యువులు పనిలోకి దిగాయో, ఏవి తగ్గాయో మైక్రోఅర్రేతో ఒకేసారి చూసింది. చేప చచ్చిందా బతికిందా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు.

ఆ పలుచనను పట్టించుకోవాలి. వ్యర్థజలంలో సీఓడీ (అందులోని పదార్థాలు ఆక్సీకరణం కావడానికి కావలసిన ఆక్సిజన్ లెక్క) లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు ఉందనుకున్నా, 500 వంతుల పలుచన తర్వాత మిగిలేది 2 మిల్లీగ్రాములే. గాలి కొట్టే తొట్టిలో అంతమాత్రం సేంద్రియ పదార్థం ఆక్సిజన్‌ను తినేసి చేపను ఇబ్బంది పెట్టలేదు. పైగా ట్రౌట్ చన్నీటి చేప, ఆక్సిజన్ తగ్గితే మన బొచ్చె, రవ్వల కంటే ముందే తట్టుకోలేదు. కాబట్టి ఆ తొట్టిలో కాలేయం స్పందించిందంటే ఆక్సిజన్ మీదికి నెట్టడం కష్టం. మురుగు ప్రభావాన్నీ రసాయన ప్రభావాన్నీ విడదీసిన పరీక్ష కాబట్టే దీన్ని మలుపు అనాలి.

ఏం కనబడింది? విషపదార్థాలను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసే సీవైపీ1ఏ జన్యువు పెరిగింది, ఆ ఎంజైము పని కూడా పెరిగింది. రక్తంలో ఫాస్ఫేటు పెరిగింది. మనుషుల్లో అయితే అది మూత్రపిండాలు దెబ్బతిన్న సూచన. ఆక్సీకరణ ఒత్తిడికి సంబంధించిన కొన్ని జన్యువులు లేచాయి, అయితే సంబంధిత ఎంజైముల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆడ హార్మోనైన ఈస్ట్రోజెన్ నడిపే జన్యువులు స్వల్పంగా పెరిగాయి. వ్యర్థజలంలో ఎస్ట్రియాల్ అనే ఈస్ట్రోజెన్ రకం హార్మోను ఒక మోస్తరు స్థాయిలో దొరికింది.

ఈ ‘స్వల్పంగా’ను చాలామంది దాటేస్తారు. ఇంగ్లండులో మురుగు శుద్ధి కేంద్రాల దిగువన మగ రోచ్ చేపల్లో అండకణాలు కనబడ్డ కథలో కీలకం వైటెల్లోజెనిన్. గుడ్డు సొనకు ముడిసరుకైన ఈ ప్రొటీన్‌ను ఆడచేప కాలేయం తయారుచేస్తుంది. మగచేపలోనూ దాని జన్యువు ఉంటుంది, కాకపోతే నిద్రలో ఉంటుంది. ఈస్ట్రోజెన్ తగిలితే అది వేల రెట్లు లేవగలదు. మరి పటాన్‌చెరు నీటిలో స్వల్పంగానే ఎందుకు? ఈస్ట్రోజెన్ తక్కువే ఉండొచ్చు. ఇంకో కారణమూ ఉంది. సీవైపీ1ఏను లేపే రసాయనాలు వైటెల్లోజెనిన్‌ను అణచగలవని ట్రౌట్ కాలేయ కణాల్లో 1990లలోనే తేలింది. తొంభై కంపెనీల నీళ్లు కలిసినచోట ఒక రసాయనం గుర్తును ఇంకొకటి తుడిచేస్తుంది. అందుకే ఒక్క వైటెల్లోజెనిన్‌ను కొలిచి ‘హార్మోన్ సమస్య లేదు’ అని తేల్చేస్తే చెల్లదు.

అవతలి వాదనలో పస లేకపోలేదు. జీవశుద్ధి సాగేందుకు ఉమ్మడి కేంద్రాల్లో ఇళ్ల మురుగు కలుపుతారు, ఎస్ట్రియాల్ గర్భిణుల మూత్రంలోనూ ఉంటుంది, కాబట్టి అది ఫ్యాక్టరీదే అనలేం. ట్రౌట్ మన చేప కాదు. జన్యువు లేచినంత మాత్రాన చేపకు హాని జరిగినట్టు కాదు. మూడూ నిజమే. కానీ 0.2 శాతం నీరే ఈ స్పందన తెచ్చిందన్న విషయాన్ని ఈ మూడూ తాకవు.

ఈ పరీక్ష ఇక్కడ చేయాలంటే ఏం కావాలి? గోధుమరంగు గాజు సీసాల్లో 24 గంటల పాటు కొద్దికొద్దిగా పట్టిన నమూనా కావాలి, ఒక్క బకెట్టు ముంచి తెచ్చింది చాలదు. ప్లాస్టిక్ డబ్బాలు, రబ్బరు గొట్టాలు వద్దు, స్టీరాయిడ్ హార్మోన్లు వాటి గోడలకు అంటుకుని నీటిలో తగ్గిపోతాయి. పలుచన చేసే నీటిలో క్లోరిన్ ఉండకూడదు. జీబ్రా చేపలైతే ఎదిగిన మగవాటిని 26 డిగ్రీల దగ్గర ఉంచి, రోజూ నీరు మార్చాలి, ఆక్సిజన్ 60 శాతం సంతృప్తతకు తగ్గనివ్వకూడదు. ఈ నిబంధన ఊరికే పెట్టలేదు. ఆక్సిజన్ కొరతే సాధారణ కార్ప్‌లో హార్మోన్లను, సంతానోత్పత్తిని దెబ్బతీస్తుందని హాంకాంగ్ పరిశోధకులు 2003లో చూపించారు. (అంటే ‘ఆక్సిజనే తగ్గింది’ అన్నది చేపకు ఊరటనిచ్చే మాటేమీ కాదు.) ఉత్త నీటి తొట్టి ఒకటి, లీటరుకు 10 నానోగ్రాముల ఇథినైల్ ఎస్ట్రడయాల్ (కృత్రిమ ఈస్ట్రోజెన్) కలిపిన తొట్టి ఒకటి పక్కన ఉండాలి. రెండోదాంట్లో వైటెల్లోజెనిన్ లేవకపోతే మిగతా ఫలితాలు చూడనక్కర్లేదు.

ఎక్కువగా చెడేది కాలేయం కోసే దగ్గర. జీబ్రా చేప కాలేయం పేగును చుట్టుకుని ఉంటుంది, పేగు ముక్క కలిస్తే లెక్క మారుతుంది. తీసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లోనో, ఆర్ఎన్ఏను (జన్యువు ఎంత పనిచేస్తోందో చూపే అణువును) కాపాడే ద్రావణంలోనో వేయాలి. ఆర్ఎన్ఏ నాణ్యత అంకె 7 కంటే తగ్గితే ఆ నమూనా పక్కన పెట్టడమే మేలు. ఆడచేపను కోసిన కత్తెరతోనే మగచేపను కోస్తే, ఆడ కాలేయపు చిన్న మరక చాలు మగచేప ‘పాజిటివ్’ కావడానికి. అందుకే మగవాటిని ముందు కోస్తారు. పోలికకు తీసుకునే జన్యువు ఎంపికలోనూ బోల్తా పడతారు. అలవాటుగా వాడే కొన్ని ‘స్థిర’ జన్యువులు ఈస్ట్రోజెన్ తగిలితే తామే మారిపోతాయి. ఫ్యాట్‌హెడ్ మిన్నో చేపల్లో ఆర్పీఎల్8 అనే జన్యువు నిలకడగా ఉన్నట్టు 2007లో తేలింది. జన్యువు ఎంత లేచిందో కొలిచే క్యూపీసీఆర్ పరీక్ష సామర్థ్యం 90–110 శాతం మధ్య లేకుండా రెట్లు చెప్పకూడదు.

చెరువు గట్టున తరచూ జరిగే పొరపాటు వేరు. తేలిన చేపలను సంచిలో వేసి ల్యాబ్‌కు పంపుతారు. ఎండలో గంటలు తేలిన చేపలో ఆర్ఎన్ఏ మిగలదు. అవశేషాలు వెతకడానికేమైనా పనికొస్తుందేమో గానీ జన్యు పరీక్షకు కాదు. ఇంకా బతికున్న చేపలనే వలేసి పట్టాలి, అదీ వెంటనే. వైటెల్లోజెనిన్ ఎంఆర్ఎన్ఏ (ఆ జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏ నకలు) కారణం తొలగితే కొద్ది రోజుల్లో దిగిపోతుంది, రక్తంలో ప్రొటీన్ మాత్రం వారాల తరబడి నిలుస్తుంది. ఎంఆర్ఎన్ఏ తక్కువగా, ప్రొటీన్ ఎక్కువగా ఉంటే నీరు ముందెప్పుడో వదిలి ఆపేశారన్న అనుమానానికి బలం వస్తుంది.

మన నిబంధన అడిగేది వేరు. పలుచన చేయని వ్యర్థజలంలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికుంటే బయోఅస్సే, అంటే జీవుల మీద చేసే పరీక్ష, పాసైనట్టే. బతికిన చేప కాలేయంలో ఏం జరిగిందో ఆ పరీక్షకు పట్టదు. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) పరిశ్రమకు తెచ్చిన ముసాయిదాలో ఆంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ఉండేవి. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో వాటిని తీసేశారు. అదే ఏడాది సంపన్న దేశాల ఆర్థిక సంఘమైన ఓఈసీడీ 250వ నంబరు మార్గదర్శకంగా ఈజీ పరీక్షను ఆమోదించింది. ఈస్ట్రోజెన్ తగిలితే మెదడులో ఆకుపచ్చగా మెరిసేలా మార్చిన జీబ్రా చేప పిండాలతో 96 గంటల్లో ముగిసే పరీక్ష అది. గంటలు రెంటికీ సమానమే. అక్కడ జన్యువు లేచిందా అని చూస్తారు, ఇక్కడ చేప మిగిలిందా అని.

పటాన్‌చెరు కేంద్రం నీటిని తర్వాత పైపులైనులో నగర మురుగుతో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు చేశారు. అక్కడ మూసీలోకి వెళ్లే నీటిని పరీక్షిస్తే ఈస్ట్రోజెన్ గుర్తు దొరకొచ్చు, కానీ లక్షల ఇళ్ల మురుగులోని సహజ హార్మోన్ల నుంచి దాన్ని విడదీయడం అసాధ్యమంత కష్టం. కనుక నమూనా మురుగుతో కలవకముందే, కేంద్రం గేటు దగ్గరే తీయాలి. చెరువుల విషయంలో వాగు చెరువులో చేరే చోట ఒకటి, దానికి ఎగువన ఫ్యాక్టరీల నాలా కలవకముందు ఇంకొకటి తీయాలి. రెండూ ఒకే రోజు తీసి, ఒకే గుంపు చేపల మీద 1:500 పలుచనతో పెట్టాలి.